చచ్చిన నీళ్ళు తిరగబడ్డ ఏడు

దోన్ బల్దోమేరో కస్కాలెస్ పేరెత్తితే త్రినితారియో ముందు ఉమ్మేవాడు, తరవాత మాట్లాడేవాడు. పాదిరిగారి ముందైనా అంతే, నల్లతోలు టోపీల గార్డుల ముందైనా అంతే. "వాడు మా అమ్మ బాన పాడుచేశాడు. మా నాన్న పొలం నోట్లో మన్ను కొట్టాడు. ఊరి గొంతు పిసికాడు. ఇంకా పగ పట్టకపోతే నేను మనిషినా, మురుగుకాలవలో కప్పనా?" అనేవాడు.

ముందు బాన సంగతి చెప్పాలి.

సెగూరా నది నీళ్ళు పంటకాలవల్లో పడి పై ఊళ్ళకి పోతాయి. అవి బతికిన నీళ్ళు. పైవాళ్ళ పొలాలు తాగగా మిగిలి, మట్టిలోంచి ఊరి, మురుగుకాలవలోకి దిగేవి చచ్చిన నీళ్ళు. సలాదార్ ఊరు ఆ మురుగుకాలవ కొసన ఉంది. అక్కడ మనుషులూ గాడిదలూ మిరపతోటలూ జనపచేలూ అన్నీ చచ్చిన నీళ్ళ మీదే బతికాయి. పైవాడు వాడి వదిలేసిన నీటిని కిందవాడు పలకలు అడ్డంపెట్టి నిలేసి, మళ్ళీ పొలానికెక్కించి, మళ్ళీ మురుగులోకి దించి, ఇంకా కిందవాడికి అప్పజెప్పేవాడు. ఒక్కో చుక్క సముద్రంలో కలిసేలోగా ఎన్నిసార్లు చచ్చేదో అన్నిసార్లు పుట్టేది.

దోన్ బల్దోమేరోకి ఆ కాలవ పై భాగంలో నారింజతోటలున్నాయి. అవి చాలక, ఎండిపోయిన గుట్టవాలు ఒకటి కారుచౌకగా కొన్నాడు. రాజు ఇంకా మాద్రిదులో గద్దె మీదున్న రోజులు అవి. దొర మురుగుకాలవ ఒడ్డున ఒక ఇంజను దింపాడు. ఇంజను చచ్చిన నీళ్ళు తాగి గుట్ట మీద కక్కడం మొదలుపెట్టింది. కింద సలాదార్‌లో కాలవ అడుగు కనపడింది.

జనవరి నెల. ఆ నెలలో చేలకి ఎరువు వెయ్యరు, నీళ్ళు తేటగా ఉంటాయి. జనవరిలో పట్టిన నీళ్ళు ఏడాదంతా పాచిపట్టవని అక్కడివాళ్ళ నమ్మకం. ఏ ఇంట్లోనైనా వంటగది మూల నడుముదాకా పాతిన బాన ఆ నెల నిండాల్సిందే. కాలవలో చుక్క లేకపోయేసరికి త్రినితారియో తల్లి సింఫొరోసా ఇంట్లో బానని తవ్వించి, గాడిదబండి మీద ఎక్కించి, కొడుకుని వెంటబెట్టుకుని ఇంజను దగ్గరికి పోయింది.

ఇంజను మేస్త్రీ క్రీస్పులో నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏం అవ్వా, ఇంత దూరం?"

"జనవరి నీళ్ళకి నాయనా. ఒక్క బాన. నా పెళ్ళినాటిది. ఏ ఏడూ ఖాళీగా లేదు."

"పట్టుకో, పట్టుకో. మా దొర ధర్మాత్ముడు."

ఆమె వంగి కడవతో ముంచి ముంచి బాన నింపింది. నడుం పట్టేసి బండి చక్రం పట్టుకుని నిలబడింది. అప్పుడు క్రీస్పులో ఇంజను తుడిచిన నూనెగుడ్డ తెచ్చి, నింపాదిగా బానలో ముంచి, రెండు చేతులా పిండాడు. నీటి మీద నల్లటి తెట్టు రంగులు తిరిగింది.

"ఇప్పుడు తోలుకెళ్ళు అవ్వా. నిండిందిగా!"

మట్టిబాన ఒకసారి నూనె తాగితే ఇక నీళ్ళకి పనికిరాదు. కడిగినా కాల్చినా వాసన పోదు. త్రినితారియో చెయ్యి బండిలో ఉన్న పార మీదికి పోయింది. తల్లి ఆ చేతిని పట్టుకుంది. ముసల్దానికి అంత పట్టు ఎక్కణ్ణించి వచ్చిందో.

"వాడి తల పగిలితే నీళ్ళు రావురా. రక్తం వస్తది. అది బానలో పోసుకోవటానికి పనికిరాదు. పద."

ఇంటికి రాగానే బానని గుమ్మం పక్కన బోర్లించింది. "అట్టాగే ఉండనీ. చూసినప్పుడల్లా గుర్తుండాల" అంది.

*

నీటి సభ ఒరివేలా పట్నంలో జరుగుతుంది. సలాదార్ వాళ్ళందరూ ఆదివారం చొక్కాలు తొడుక్కుని పోయారు. ఏటా కాలవ పూడికతీత దగ్గరుండి నడిపించే సెరాఫిన్ పెద్దాయన. పలకలు ఎప్పుడు దించాలో ఎప్పుడు లేపాలో ఆయన నోటి మీదే నడుస్తుంది. ఆయన టోపీ చేతిలో పట్టుకుని లేచాడు.

"అయ్యా, చచ్చిన నీళ్ళు కింది ఊరివి. తాతలనాటి కట్టుబాటు. మేం ఆ నీళ్ళతోనే చౌడు కడిగి నేల చేసుకున్నాం. నీళ్ళాగితే ఉప్పు మళ్ళీ పైకొస్తది. మా నేల చచ్చిపోద్ది."

దోన్ బల్దోమేరో కుర్చీలోంచి లేవలేదు. చుట్ట నోట్లోంచి తియ్యలేదు.

"చచ్చినవాడి ఆస్తికి వారసులుంటారు పెద్దాయనా. చచ్చిన నీళ్ళకి ఎవరయ్యా వారసులు? నా తోటలోంచి కారింది, నా ఇంజను తాగింది. మధ్యలో నీకేం నొప్పి?"

సభ ఘొల్లున నవ్వింది. నవ్విన వాళ్ళందరికీ నారింజతోటలున్నాయి.

చేతులెత్తమన్నారు. సలాదార్ వాళ్ళు గదినిండా చేతులెత్తారు. దొర ఒక్కడే చుట్ట ఉన్న చెయ్యి ఎత్తాడు. దొర గెలిచాడు. ఆ సభలో మనిషికి ఓటు లేదు, నేలకి ఓటు. ఎన్ని తహుల్యాల నేలుంటే అన్ని ఓట్లు. తహుల్యా అంటే అక్కడి నేల కొలత, దాన్లో ఎనిమిదో వంతు ఓచావా.

బయటికొచ్చాక హినేస్ అనే కుర్ర జనపకూలీ మెట్ల మీద కూలబడి పగలబడి నవ్వాడు. వాడికి నేలే లేదు. "నేను రెండు చేతులూ ఎత్తాను మావా. రెండు సున్నాలు పడ్డాయి" అన్నాడు త్రినితారియోతో.

త్రినితారియో నవ్వలేదు. మెట్ల మీద ఉమ్మాడు.

*

అసలు తప్పు మార్చిలో చేశారు. అలాంటి తప్పు సలాదార్ వాళ్ళే చెయ్యగలరు.

ఎవరి నీళ్ళో వాళ్ళదే పూడిక. అది కాలవ కట్టుబాటు. చచ్చిన నీళ్ళు సలాదార్‌వి కాబట్టి, మురుగుకాలవ మొదలు నుంచి కొసదాకా పూడిక తియ్యడం సలాదార్ పని. దొర తోటల మధ్య నుంచి పోయే కాలవని కూడా వాళ్ళే తీస్తారు. మార్చి రాగానే ఊరు ఊరంతా పారలు భుజాన వేసుకుంటుంది. పూడిక తియ్యని ఇంటిని పెళ్ళికి పిలవరు. పని అయ్యాక సెరాఫిన్ నడుచుకుంటూ వచ్చి కాలవ అడుగున పార గుచ్చి చూస్తాడు. పార కర్రకి బురద అంటితే ఆ ఇంటివాడి పరువు పోయినట్టే.

ఆ ఏడు కూడా తీశారు. తియ్యకుండా ఉండడం ఎలాగో వాళ్ళకి తెలియదు. పైగా కోపం మీద తీశారు. శుభ్రంగా తీస్తే, లోతుగా తీస్తే, ఇంజను తాగగా నాలుగు చుక్కలైనా కిందికి జారతాయేమోనన్న ఆశ. చేతులు బొబ్బలెక్కాయి. అంత తేటగా ఆ కాలవ ఎప్పుడూ లేదు. సెరాఫిన్ పార గుచ్చి గుచ్చి చూసి, "మీ తాతలు కూడా ఇంత బాగా తియ్యలేదురా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

నీళ్ళొచ్చాయి. పై తోటల్లోంచి గలగలా దూకుతూ, ఒక రెల్లు అడ్డం లేకుండా, నేరుగా ఇంజను గోతిలోకి పోయాయి. గోయి నిండుగా ఉంది. క్రీస్పులో రెండో గొట్టం బిగించాడు. కింద సలాదార్ వాళ్ళు తేటగా తీసిన కాలవ, తుడిచిన పళ్ళెంలా, ఎండి ఉంది.

మగవాళ్ళందరూ గట్టు మీద నిలబడి చూస్తున్నారు. త్రినితారియో పెళ్ళాం పాత్రో అన్నం మూట తెచ్చి అక్కడ పెట్టింది. బార్లీ రొట్టె, ఉప్పుచేప. కాలవలోకి తొంగిచూసింది. ఆమె నోరంటే ఊళ్ళో కుక్కలకి కూడా భయం.

"భలే తీశారయ్యా. దొరగారికి ముక్కు చీదించి, చెవులు కడిగి, తల దువ్వి వచ్చారు. ఆయన పెళ్ళాం కూడా అంత సేవ చెయ్యదు."

"నోర్ముయ్యవే" అన్నాడు త్రినితారియో.

"ముయ్యను. ఒక్క మాట చెప్పి మూస్తాను. ఎవరి నీళ్ళో వాళ్ళదే పూడిక అంటారే. సభలో ఆ నీళ్ళు ఎవరివని తేలింది?"

ఆమె రొట్టె విరిచి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది.

"దొరవి అని తేలిందిగా. మరి మీరెందుకు దిగారు కాలవలోకి? పెద్దాయనా, నువ్వు చెప్పు, కట్టుబాటు నీకు తెలుసుగా."

సెరాఫిన్ తన పార చేతిలోకి తీసుకున్నాడు. తరవాత దాన్ని గట్టుకి కొట్టి మట్టి దులిపాడు. "పిల్ల చెప్పింది నిజం. నీళ్ళు వాడివైతే పూడిక వాడిదే" అన్నాడు. "వచ్చే మార్చిదాకా ఆగక్కర్లేదు. వేసవిలో రెల్లు కొయ్యటం కూడా పూడికలో పనే. ఈ రోజునుంచి ఈ కాలవలో సలాదార్ పార పడదు."

ఆ సాయంకాలం ప్రతి ఇంటి గోడకీ పార వేలాడింది. గుమ్మానికి శిలువ వేలాడినట్టు వేలాడదీశారు. కబురు దొరకి పోయింది. దొర నవ్వాడట. "కొయ్యకపోతే పోనీ. నా తోట మేర నా కూలీలు కోస్తారు. కింద రెల్లు మొలిస్తే నాకేం, ముళ్ళు మొలిస్తే నాకేం? నా నీళ్ళు అంతదూరం పోవుగా!"

గుర్తుపెట్టుకోండి ఈ మాట. దొరలు ఎప్పుడూ ఇలాంటి మాట దగ్గరే కాలు జారతారు.

*

వేసవి వచ్చింది. పాత్రో ఇంట్లో నీళ్ళు నాలుగు పనులు చెయ్యనిదే గడప దాటేవి కావు. మొహం కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్ళు గాడిదకి, గాడిద వదిలేస్తే మిరపనారుకి. తాగే నీళ్ళు మైళ్ళ దూరం నుంచి మోశారు. జనప మోకాలెత్తు కూడా ఎదగలేదు. కూలి దొరక్క హినేస్ లాంటి వాళ్ళు పస్తులున్నారు.

దొర తోటకి దిగువన ఎవరూ కొయ్యని కాలవలో రెల్లు మనిషెత్తు లేచింది. నీళ్ళు లేకపోయినా అడుగు చెమ్మ మీద అది లేస్తుంది. గాలికి దుమ్ము కొట్టుకొచ్చి దాని మొదళ్ళలో పడింది. త్రినితారియో రోజూ పొద్దున పోయి ఆ రెల్లుని చూసి వచ్చేవాడు. పైరు చూసుకునే రైతు లాగా చూసేవాడు.

ఒకరోజు జనప నానబెట్టే గుంటల దగ్గర ఊరు కూడింది. ఆ ఏడు జనపే లేదు కాబట్టి గుంటలు ఎండి, అడుగున నల్లటి కుళ్ళు పెచ్చులు కట్టి ఉన్నాయి. హినేస్ గట్టెక్కి అరిచాడు.

"ఇంకెన్నాళ్ళు చూత్తాం? నాకు ఒక్క డబ్బా కిరసనాయిలు ఇవ్వండి. ఇంజను తగలెట్టి వస్తా. ఉరేస్తే ఎయ్యనీ."

కొందరు సై అన్నారు. ఆడవాళ్ళలో కొందరు ఏడ్చారు.

త్రినితారియో లేచాడు. అతనికి మాట్లాడడం రాదు. చదువు మూడో తరగతిలో ఆగిపోయింది. మాట్లాడితే ఎవరినో తిడుతున్నట్టు ఉంటుంది.

"ఒరే హినేసూ, ఇంజను కాలిస్తే ఏమవుద్ది? పట్నం పోయి ఇంకోటి తెచ్చుకుంటాడు. కొత్తది, ఇంకా పెద్దది. నిన్ను గొలుసులేసి తీసుకుపోతారు. మీ అమ్మ బిచ్చమెత్తుద్ది. నాకు వాడి ఇంజను ఒద్దురా. నాకు వాడి చెట్లు కావాల."

"చెట్లు నరుకుదామా?"

"నరికితే మొదలు చిగురేస్తది. వేరు కుళ్ళాల. విను. ఎండాకాలం వాడు తాగుతున్నాడు. బాగానే ఉంది. తాగినోడు ఉచ్చ పొయ్యడా? అక్టోబరు వాన పడితే వాడి తోటలో నిండిన నీళ్ళన్నీ ఎటు పోవాల? ఈ మురుగులోంచే, మన మీదనుంచే సముద్రానికి పోవాల. వాడికి ఇంకో దారి లేదు. రెల్లు చూశారా ఎట్టా ఉందో? దాని కింద మన పలకలకట్ట ఉంది. పలకలు మన చేతిలో ఉన్నాయి."

ఒక ముసలాయన చిన్నగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు పాకింది. ఆకలిమీదున్న జనం నవ్వు అది, వినడానికి బాగుండదు.

"నీళ్ళు ఆపితే ఆ నీళ్ళు మనం దాచుకోవాలి గదా" అంది పాత్రో. "ఊరికే పగ తీర్చుకుంటే సరా? వచ్చే ఏడు ఏం తాగుతాం, పగా?"

అందుకే ఎండిన జనప గుంటల్లో నీళ్ళు దాచాలనుకున్నారు. జూన్‌లో ఒక చిన్న జల్లు పడితే ఆత్రంగా ఒక గుంటలో పట్టారు. అడుగు గీకలేదు. ఆ నీళ్ళు మిరపనారుకి పోస్తే నారు తలవాల్చింది. జనప కుళ్ళు రసం అంతా దాంట్లోకి దిగింది. "బాన నేర్పిన పాఠం గుంట దగ్గర మర్చిపోయాం" అని సింఫొరోసా తిట్టింది. తరవాత గీకారు. ఆడా మగా దిగి, నల్లకుళ్ళు గంపలకెత్తి పోసి, బంకమట్టి పూసి, సున్నం కొట్టి, నీరింకకుండా కాళ్ళతో తొక్కారు. దొర కాలవలో పడని పారలన్నీ ఇక్కడ పడ్డాయి. గుంట నుంచి గుంటకి నిండి పొర్లేటట్టు తూములు పెట్టారు. సెప్టెంబరు చివరికి ఊరి దిగువన తెల్లగా మెరిసే గుంటలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాయి.

*

అక్టోబరులో సముద్రం వైపునుంచి మేఘం వచ్చింది. వాన కాదది, ఆకాశం ఒలికిపోయింది. మర్నాటి పొద్దున తెరిపి ఇచ్చేసరికి పై తోటల నీళ్ళన్నీ ఎర్రగా మురుగులోకి దూకుతున్నాయి. ఇంజను ఆపేశారు. వానలో గుట్టకి నీళ్ళెందుకు?

సలాదార్ పలకలకట్ట దగ్గరికి ఊరు వచ్చింది. రెండు రాతిస్తంభాలు, వాటిలో గాడులు, గాడుల్లో దించే పలకలు. ముందు గుంటలన్నీ నింపారు. ఇళ్ళలో బానలు నింపారు. బోర్లించిన బాన ఒక్కటే నిండలేదు. అప్పుడు సెరాఫిన్ చెప్పగా పలకలు ఒక్కొక్కటీ దించారు. నీళ్ళు రెల్లులో ఆగి, పైకి పొంగి, స్తంభం మీద చెక్కిన గీత దాకా వచ్చాయి.

అది తాతల గీత. నీళ్ళు ఆ గీత దాటకూడదు. ఎవరూ ఎప్పుడూ దాటనివ్వలేదు. అంతకు మించి పలకలు కూడా లేవు.

"గీత దగ్గర ఆగితే దొర తోట అంచు తడుస్తది, అంతే" అన్నాడు సెరాఫిన్. "దాటితేనే తోట మునుగుద్ది. కానీ దాటితే..." అని త్రినితారియో కేసి చూశాడు.

అందరూ అటే చూశారు. దాటితే ముందు మునిగేది ఎవరి నేలో అందరికీ తెలుసు. కట్టకి ఆనుకుని ఎగువన ఉన్నది త్రినితారియో పొలం. అతని తండ్రి బతుకంతా ఆ నేలకే పోసి పోయాడు. ఒకప్పుడు అది ఉప్పు పర్ర, పిచ్చిమొక్క కూడా మొలవని చోటు. ఆయన ఏటేటా చచ్చిన నీళ్ళు పెట్టి, కడిగి, దించి, మళ్ళీ పెట్టి, మళ్ళీ కడిగి, నాలిక మీద మట్టి వేసుకుని ఉప్పదనం చూసి చూసి, దాన్ని మిరపనేల చేశాడు. ఆ నేల తీపి అయిన ఏడే ఆయన పోయాడు. నీళ్ళు దాని మీద నెల్లాళ్ళు నిలిస్తే అడుగునున్న ఉప్పంతా పైకి లేస్తుంది. మళ్ళీ కడగాలంటే ఇంకో మనిషి బతుకు కావాలి.

"ఒద్దు త్రినితారియో మావా" అన్నాడు హినేస్. "అంచు తడిస్తే చాలు. బెదిరించినట్టు ఉంటది. నీ పొలం పోతే నువ్వూ నాలాంటోడివే అయిపోతావు."

"నీలాంటోడంటే తక్కువా ఏందిరా?"

అతను తల్లి కేసి చూశాడు. సింఫొరోసా కొడుకు కేసి చూడలేదు, పొలం కేసి చూసింది. ఆ తరవాత వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. కోపం వచ్చి పోయిందనుకున్నారు. కాసేపటికి మొగుడు పడుకున్న మంచం పలక భుజాన పెట్టుకుని, వంగిపోయి, బురదలో నడుచుకుంటూ తిరిగొచ్చింది.

"మీ నాన్న అయితే ఏం చేసేవాడో నాకు తెలవదు" అంది. "ఆయన నెమ్మదస్తుడు. నేను కాదు. పెట్టు."

త్రినితారియో పలక అందుకుని కాలవలోకి దిగాడు. గీత పైన గాడిలో పెట్టి పాదంతో తొక్కాడు. ఆ క్షణంలో అతని మొహం ఏడుస్తున్న మొహమో నవ్వుతున్న మొహమో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక ఊరు ఆగలేదు. రొట్టె పిసికే పీటలు వచ్చాయి, తలుపులు వచ్చాయి, గాడిద తొట్టి చెక్కలు వచ్చాయి. నేల లేని హినేస్ తన ఇంటి ఒకే ఒక్క తలుపు ఊడదీసుకొచ్చాడు. "నేలకి ఓటన్నారుగా. ఇదిగో నా ఓటు" అని దించాడు. నీళ్ళు గీత దాటాయి. త్రినితారియో మిరపచాళ్ళు మునిగాయి. తరవాత నీళ్ళు నెమ్మదిగా, సిగ్గుపడుతూ వచ్చిన చుట్టంలా, దొర నారింజతోటలోకి వెనక్కి నడిచాయి. ఇంజను గోయి నిండింది. ఇంజను మునిగింది.

*

అయిదో రోజు దొర వచ్చాడు. బండి బురదలో దిగబడితే నడిచి వచ్చాడు. చెట్లు మొదళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. కట్ట మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని, మునిగిన చాళ్ళలో ఏరుకొచ్చిన మిరపకాయల తొడిమలు తుంచుతున్నారు.

"ఎవడురా ఈ పని చేసింది?"

"నీళ్ళు చేశాయి దొరా" అంది పాత్రో. "మీ నీళ్ళేగా. మీ తోటలోంచి కారాయి, మళ్ళీ మీ ఇంటికే వచ్చాయి. మధ్యలో మాకేం నొప్పి?"

దొర మొహం ఎర్రబడింది. గుంపులో త్రినితారియోని వెతికి పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "నువ్వు రైతువి. వీళ్ళు కూలినాకొడుకులు, పోయేదేం లేదు. ముందు నీ నేలే చస్తది, తెలుసా? పలకలు తియ్యి. గుట్ట మీద నీళ్ళున్న నేల రాసిస్తా. నీ నేలకి రెట్టింపు."

త్రినితారియో గొంతు తగ్గించలేదు. "వినండర్రా, దొర నాకు నేల ఇస్తాడంట! మన నీళ్ళు పారే నేలే!" అని అరిచి, ఉమ్మాడు. "మా అమ్మ బాన తిరిగి తీపి చెయ్యి దొరా. అప్పుడు మాట్లాడదాం."

"ఏం బాన?" అన్నాడు దొర. అతనికి నిజంగానే తెలియదు. తన మేస్త్రీ ఎవరి బానలో ఏం పిండాడో తెలియాల్సిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. ఆ రెండు మాటలకే త్రినితారియో పగ మరో మూరెడు పెరిగింది.

మర్నాడు గార్డులు వచ్చారు. వాళ్ళతో పలకలు లాగడానికి కొక్కేలు పట్టుకుని కూలీలు వచ్చారు. పక్క మురుగుకాలవ ఊరివాళ్ళు, ఎముకలగూళ్ళలా ఉన్నారు. పాత్రో లేచి వాళ్ళలో పెద్దవాడి ఎదురుగా నిలబడింది.

"రోజుకూలి బాగా ఇస్తానన్నాడా అన్నా?"

"ఇస్తానన్నాడమ్మా. ఇంట్లో పొయ్యి లేదు."

"మీ ఊరి చచ్చిన నీళ్ళు ఎవరివి?"

"మావే. ఇప్పటికి మావే. వచ్చే ఏడు మా కాలవ మీదా ఎవరో ఇంజను పెడతారంటున్నారు."

"అయితే లాగు. కానీ ఒక మాట. రేపు మీ ఊళ్ళో పలకలు లాగటానికి మమ్మల్నే తెస్తారు. మా ఇంట్లోనూ పొయ్యి లేదు. మేమొచ్చి లాగుతాం. అప్పుడు మొహాలు గుర్తుపెట్టుకోవాల, అంతే."

ఆ మనిషి కొక్కెం కేసి చూశాడు, నీళ్ళ కేసి చూశాడు. కొక్కెం గట్టు మీద పడేశాడు. వెనకున్నవాళ్ళవీ ఒక్కొక్కటీ పడ్డాయి. ఇనుము మీద ఇనుము పడిన ఆ చప్పుడు విని కట్ట మీద జనం కేకలేశారు.

గార్డుల దఫేదారుకి ఒళ్ళు మండింది. తనే దిగి పై తలుపు పట్టుకుని లాగాడు. అంత నీటి బరువు మీద పడిన పలక లాగితే వస్తుందా! కాలు జారి, నల్లతోలు టోపీ నీళ్ళలో పడి, పడవలా తిరుగుతూ నారింజతోట వైపు పోయింది. ఊరు పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. ఆ నవ్వుకే తుపాకీ మడమలు లేచాయి. సెరాఫిన్ భుజం విరిగింది. హినేస్ పళ్ళు రాలాయి. త్రినితారియోతోపాటు నలుగురిని ఒకే తాడుకి కట్టి నడిపించుకుపోయారు.

కానీ కట్ట కదల్లేదు. మగవాళ్ళని తీసుకుపోతే ఆడవాళ్ళు పడుకున్నారు దాని మీద. సింఫొరోసా పరుపు తెచ్చుకుంది. "మంచం పలక అక్కడే ఉందిగా, పడక ఇక్కడే" అంది. నారింజ ఆకులు ముందు వాలాయి, తరవాత పసుపెక్కాయి, తరవాత రాలడం మొదలుపెట్టాయి. నీళ్ళ మీద పసుప్పచ్చని ఆకులు తేలుతూ కట్ట దాకా వచ్చి పలకలకి అంటుకున్నాయి. అప్పుడు సెరాఫిన్ ఒంటిచేత్తో వచ్చి, ఒక ఆకు తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు.

"చాలు. చచ్చింది" అన్నాడు.

పలకలు లేపారు. గోడల మీది పారలు దించి, కట్టుబాటు ప్రకారం, తమ నీళ్ళు పోయే కాలవ కాబట్టి, రెల్లు మొత్తం కోసేశారు.

*

జనవరిలో పాత్రో జైలుకి చూడ్డానికొచ్చింది. ఇనప ఊచల అవతల నిలబడి వార్తలన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఇంజను ఎత్తుకుపోయారు, తుప్పు పట్టింది. క్రీస్పులో ఊళ్ళోంచి పరారీ. కాలవ నిండా జనవరి నీళ్ళు, తేటగా ఉన్నాయి. గుంటల్లో నీళ్ళున్నాయి, వంతుల ప్రకారం వాడుకుంటున్నారు, నేల లేని ఇళ్ళకి కూడా వంతు పెట్టారు. పక్క మురుగుకాలవ ఊళ్ళల్లో కూడా గోడలకి పారలు వేలాడుతున్నాయట.

"అమ్మకి కొత్త బాన కొన్నారా?"

"ఊరంతా కలిసి కొన్నది. పాతది తియ్యనివ్వలేదు. అక్కడే బోర్లా ఉంది."

"పొలం?"

పాత్రో శాలువా మూలన కట్టిన చిన్న మూట విప్పి ఊచల సందులోంచి ఇచ్చింది. తెల్లటి పొడి. "తెల్లగా అయిపోయింది. మంచు పడ్డట్టు ఉంది. ఇక్కడి కూడు చప్పగా ఉంటదన్నావు గదా. మన పొలందే ఇది" అంది.

అతను చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు. తండ్రి మట్టిని రుచి చూసినట్టే చూశాడు. మిగిలింది జాగ్రత్తగా మూట కట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

విచారణ రోజున కోర్టులో గుమస్తా తల ఎత్తకుండా అడిగాడు. పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. దోన్ బల్దోమేరో కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు, నల్లకోటు, నల్లటోపీ, సొంత బిడ్డలు పోయినవాడి మొహం. త్రినితారియో ఆ మొహాన్ని కడుపునిండా చూశాడు. ఆ తిండి అతనికి ఇంకా చాలాకాలం సరిపోతుంది.

"ఆస్తి ఏమైనా ఉందా?" అన్నాడు గుమస్తా.

"ఉండేది" అన్నాడు త్రినితారియో. దొర కేసే చూస్తూ, కోర్టు వెనక నిలబడ్డ సలాదార్ జనానికి కూడా వినపడేట్టు చెప్పాడు. "ఆరు తహుల్యాల మూడు ఓచావాలు. మిరపనేల. ఊరు మళ్ళీ అడిగితే మళ్ళీ ముంచుతా."